దర్గా వెనక అద్దాల మేడలు

మొన్న మా చాచా బర్సీకి బస్తీలో అందరం కూడాం. ఖబ్రస్తాన్‌లో ఫాతెహా చదివాక గేటు బయట వేపచెట్టు కింద నియాజ్ పెట్టారు. దస్తర్‌ఖాన్ చాలలేదని ఎవరో పిల్లవాడు పాత ఆదివారం పేపర్లు తెచ్చి వరసగా పరిచాడు. నా ముందు పడింది మొదటి పేజీ. పేజీ మొత్తం ఒకటే ప్రకటన. నలభై అంతస్తుల అద్దాల మేడ. దాని కాళ్ల దగ్గర మెత్తటి పచ్చిక, నీలం రంగు ఈతకొలను, సైకిల్ తొక్కుతున్న పాప. బగారా అన్నం మీద దాల్చా పోసేసరికి ఆ పచ్చిక మీద నూనె మరక పరుచుకుంది. తల ఎత్తి చూస్తే అదే మేడ. కాగితంలోనిదే, ఖబ్రస్తాన్ గోడకి ఆవల నిలబడి ఉంది. తూర్పు దిక్కున లేచింది గనక పొద్దున పదింటి దాకా మా చాచా గోరీ దాని నీడలోనే ఉంటుంది. మధ్యాహ్నం తిరిగాక పడమటి ఎండ దాని అద్దాల మీద పడి, అక్కడి నుంచి మా రేకుల ఇళ్ల మీద పడుతుంది. మా బస్తీకి ఇప్పుడు ఇద్దరు సూర్యులు.

షేక్‌పేటకీ మణికొండకీ నడుమ నేను పుట్టి పెరిగిన చోటు ఇది. ఇక్కడి అద్దాల మేడల గురించి, వాటి పచ్చదనం గురించి మన పత్రికల్లో రెండే రకాల రాతలు కనిపిస్తాయి. ఒకటి, అభివృద్ధి అని మురిసిపోయేది. రెండోది, పర్యావరణం అని బాధపడేది. రెండింటిలోనూ మేం లేం. బస్తీ లేదు, దర్గా లేదు, ఖబ్రస్తాన్ లేదు. మేం లేకుండా ఈ నేల కథ ఎలా పూర్తవుతుందో నాకు అర్థం కాదు. అందుకే ఈ ప్రకటననే ఒక సాహిత్యంగా చదువుదామనుకున్నాను. ఒక కవితను చదివినట్టే చదివాను. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో మాట్లాడుతున్నారు? ఎవరిని చూడనట్టు నటిస్తున్నారు?

ముందు బొమ్మ చూడండి. మేడ చుట్టూ కొండలు, చెట్లు, ఆకాశం. బస్తీ ఉండాల్సిన చోట కంప్యూటర్‌లో గీసిన అడవి ఉంది. మా మసీదు మినార్ ఉండాల్సిన చోట మబ్బు ఉంది. ఖబ్రస్తాన్ మొత్తం పచ్చ రంగుతో నింపేశారు. కొనేవాడు పన్నెండో అంతస్తు బాల్కనీలో నిలబడితే కనిపించే పచ్చదనంలో సగం మా ముర్దాల మీద పెరిగిన గడ్డి అని ఎవరూ చెప్పరు. ‘గ్రీన్ వ్యూ’ అని మాత్రం చెప్తారు. మా చచ్చినోళ్లు వాళ్లకి వ్యూ అయ్యారు.

తర్వాత మాటలు. ‘వంద శాతం వాస్తు’ అని ఒక మాట. ‘లైక్‌మైండెడ్ కమ్యూనిటీ’ అని ఇంకో మాట. ఈ రెండో మాటకి అర్థం డిక్షనరీలో దొరకదు. ఇల్లు కిరాయికి అడగడానికి పోతే దొరుకుతుంది. పదేళ్ల కింద నేను ఇలాంటి ఒక సముదాయంలో రెండు గదుల ఇల్లు చూశాను. యజమాని ఫోన్లో బాగానే మాట్లాడాడు. నా ఉద్యోగం అడిగాడు, జీతం అడిగాడు, పిల్లలెంతమందని అడిగాడు. చివర్న పేరు అడిగాడు. చెప్పాను. కాసేపు ఆగి, ‘సొసైటీ వాళ్లు వెజిటేరియన్లకే ఇయ్యమంటున్నరు సార్’ అన్నాడు. ఆ ఇంటి కింద ఉన్న లాన్‌లో అంతకు ముందే నా కొడుకు పది నిమిషాలు ఆడుకున్నాడు. ఆ లాన్‌తో వాడి సంబంధం అంతే. ఇది నా ఒక్కడి సంగతి కాదు. కోరుకున్న చోట ఇల్లు కొనడానికీ కిరాయికి తీసుకోడానికీ ముస్లింలు ఇబ్బంది పడుతున్నారని 2006లో సచార్ కమిటీ రిపోర్టే రాసింది. ఆ రిపోర్టు వచ్చి రెండు దశాబ్దాలు. మేడల ఎత్తు పెరిగింది, ప్రశ్నల వరస మారలేదు. పేరు ఇప్పటికీ చివర్నే అడుగుతారు.

ఇక పచ్చదనం సంగతికి వద్దాం. ఈ పచ్చిక దయాదాక్షిణ్యాల మీద వచ్చింది కాదు. చట్టం పెట్టించింది. 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్, జీవో 168, అపార్టుమెంట్ల సముదాయం కట్టేవాడు జాగాలో పదో వంతు ఖాళీగా, పచ్చగా వదలాలంటుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. తేడా ఎక్కడుందో చూడండి. ఎకరాలు కొని ప్లాట్లు చేసి అమ్మేవాడు లేఅవుట్‌లో వదిలిన పార్కు జాగాను గిఫ్ట్ డీడ్ చేసి పంచాయతీకో మున్సిపాలిటీకో అప్పజెప్పాలి. అది ఊరిది అవుతుంది. ఊళ్లో ఎవరైనా పోయి కూచోవచ్చు. మేడ కట్టేవాడు వదిలిన పదో వంతు గోడ లోపలే ఉండిపోతుంది. అది ఊరిది కాదు, సొసైటీది. ప్లాట్లు పోయి మేడలు వచ్చే కొద్దీ ఊరి పార్కులు గేటు లోపలికి నడుచుకుంటూ వెళ్లిపోతాయన్న మాట. ఎవరూ కబ్జా చేయలేదు. ఎవరి మీదా కేసు లేదు.

ఇంకో సంగతి. 2006లో వచ్చిన జీవో 86 నుంచి హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ హద్దు లేదు. అంటే ఇంత జాగాలో ఇంతే కట్టడం అనే లెక్క లేదు. ముందు రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత వదిలావు అన్నదాన్ని బట్టి ఎత్తు. నేల మీద పది శాతం పచ్చిక, ఆకాశంలో ఎన్ని అంతస్తులైనా. ఆ పచ్చిక కూడా చాలా చోట్ల నిజమైన నేల మీద లేదు. కింద రెండు మూడు సెల్లార్లు, వాటి మీద కాంక్రీటు పలక, దాని మీద మూడు నాలుగడుగుల మట్టి. ఆ మట్టిలో చింతచెట్టు బతకదు. వేప వేరు దింపలేదు. వాన నీళ్లు భూమిలోకి ఇంకవు, పైపుల్లోంచి రోడ్డు మీదికి వస్తాయి, రోడ్డు మీంచి పల్లంలో ఉన్న మా బస్తీలోకి వస్తాయి. పిట్ట వాలని కోనోకార్పస్, నీడ ఇవ్వని పామ్ చెట్లు, కత్తెరతో కోసిన గడ్డి. ఇదివరకు ఈ గుట్టల మీద ఎవరూ నాటకుండానే సీతాఫలాలు కాసేవి. మా ఖాలా బుట్టల్లో ఏరుకొచ్చి మెహదీపట్నంలో అమ్మేది. ఆ గుట్టల్ని పేల్చి చదును చేసి, పైన గడ్డి పరిచి, దానికి ‘నేచర్’ అని పేరు పెట్టారు.

ధరల మాటా చెప్పుకోవాలి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు. ఎకరానికి 4,840 గజాలు. భాగించి చూశాను, రాయదుర్గంలో గజం 3 లక్షల 65 వేల చిల్లర. మనిషిని పడుకోబెట్టాలంటే రెండు గజాల నేల కావాలి. ఏడు లక్షల 31 వేలు. బతికి ఉన్నవాడికి ఇక్కడ చోటు లేదని తెలుసు. చచ్చినవాడి లెక్క ఇప్పుడే చూశాను. పడమటి వైపు కొత్త కాలనీలకు పోయిన మావాళ్లు మయ్యత్‌ను భుజాన కాదు, వ్యానులో పెట్టుకుని పాతబస్తీకి పోవడం ఎందుకో ఈ భాగహారం చెప్తుంది.

ఇప్పుడు దర్గా దగ్గరికి.

హజరత్ హుసేన్ షా వలీ దర్గా ఇక్కడే ఉంది. బస్సెక్కితే ‘దర్గా’ అంటే చాలు, కండక్టర్ టికెట్ కొడతాడు. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుసేన్ సాగర్ కట్టించింది ఈ వలీయేనని జనం చెప్పుకుంటారు. చెరువుకి ఆయన పేరే వచ్చిందంటారు. అంటే మేం జియారత్‌కి పోయేది చెరువు తవ్వించిన మనిషి దగ్గరికి. రాజుకి అల్లుడని కూడా అంటారు గానీ మా అమ్మీకి ఆ సంగతితో పనిలేదు. ఊరికి నీళ్లిచ్చిన బుజుర్గ్ అనే ఆమె చెప్పేది.

ఆ దర్గా పేరున ఉన్న మణికొండ జాగీర్ విస్తీర్ణం 1,654 ఎకరాల 32 గుంటలు. ఈ భూమిలోనే 108 ఎకరాల్లో ల్యాంకో హిల్స్ మేడలు లేచాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ, బిజినెస్ స్కూలుకూ ఇందులోంచే పంచారు. మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ కూడా ఆ పంపకంలో ఉంది, అది మన ముచ్చట. ఇది వక్ఫ్ భూమి అని వక్ఫ్ బోర్డు 2006లో సవరణ ప్రకటన ఇచ్చింది. 2012 ఏప్రిల్‌లో హైకోర్టు ప్రభుత్వం వాదన ఒప్పుకోలేదు. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, భూమి ప్రభుత్వానిదే అంది. జాగీర్లు రద్దయినప్పుడే భూమి సర్కారులో కలిసింది, దర్గాకి మిగిలేది దానికి బదులు డబ్బు మాత్రమే అన్నది దాని సారం.

తీర్పు తప్పా ఒప్పా అని నేనిక్కడ వాదించబోవడం లేదు. లాయర్లు వాదించారు, అయిపోయింది. నన్ను పట్టుకున్నది ఒక మాట. ఆ ఇనాంని ‘మష్రూత్ ఉల్ ఖిద్మత్’ అంటారు. ఖిద్మత్ షరతు మీద ఇచ్చిన భూమి. ఊరికే ఇచ్చింది కాదు. దీపం పెట్టాలి, ఉర్స్ చేయాలి, వచ్చిపోయేవాళ్లకి అన్నం పెట్టాలి, నీళ్లు పోయాలి. ఆ షరతు ఉన్నంత కాలం భూమి ఎవడి పేరున ఉన్నా దాని మీద జనానికి ఒక లాగుడు ఉంటుంది. అన్నం తినే ఫకీరుకి ఉంటుంది, నీడకి కూచునే ఆడదానికి ఉంటుంది, మేకలు తోలుకొచ్చే పిల్లగాడికి ఉంటుంది. తీర్పుతో భూమి ఏ భారమూ లేకుండా సర్కారుకీ, దాని కార్పొరేషన్‌కీ దక్కింది. ఆ భారం ఏమిటి? ఖిద్మతే కదా! భూమి మీద మా హక్కు పోయిందనేకన్నా, భూమికి మా పట్ల ఉన్న బాధ్యత పోయిందనాలి. ఎకరాలు పోయాయని ఏడ్చాం గానీ ఇది పోయిందని మేం గమనించలేదు.

ఎందుకు గమనించలేదంటే, అసలు సంగతి మా ఇంట్లోనే ఉంది. దాన్ని దాచుకుని రాయడం నాకు ఇష్టం లేదు. వక్ఫ్ అనగానే మా నాయకులు ఎకరాలు లెక్క పెడతారు, కోట్లు లెక్క పెడతారు. ఆ ఎకరాల్లో బస్తీకి ఒక్క గుంట పార్కు అడిగిన నాయకుడిని నేను చూడలేదు. ఖబ్రస్తాన్ గోడ వెంబడి మడిగెలు కట్టి కిరాయి తినే ముతవల్లుల్ని మాత్రం చూశాను. ఒక గోరీ జాగా కోసం పేదవాడి దగ్గర వేలకు వేలు గుంజే కమిటీలను చూశాను. ఊళ్లో సెక్యులర్ మిత్రులు, సంఘీలు ఇద్దరూ ఒకే మాటంటారు, ‘మీకు జాగీర్లుండేవి కదా’ అని. మాకు ఎప్పుడూ లేవు. జాగీర్దార్లకుండేవి. దూదేకులాయనకి, కసాయి ఇంటాయనకి, రిక్షా తొక్కినాయనకి జాగీరు ఎక్కడిది? నవాబుల వారసులు అమ్ముకుని పోయారు. మాకు ఉండింది కాగితం లేని వాడుక ఒక్కటే. దర్గా మైదానంలో కూచునే వాడుక. అది కూడా మా ఒక్కరిదే కాదు. ఉర్స్‌కి బోనం ఎత్తే ఇంటి ఆడవాళ్లు వచ్చి చెట్టుకి దారం కట్టిపోయేవాళ్లు, ఎవడూ పేరు అడిగేవాడు కాదు.

మా అమ్మీ సంగతి చెప్తాను. ఆమెకి షుగరు. రోజూ నడవమన్నాడు డాక్టరు. ఎక్కడ నడుస్తుంది? గల్లీలో మోరీ పక్కనా? మేడల లాన్‌లోకి రానివ్వరు. ఖబ్రస్తాన్‌లోకి ఆడవాళ్లని మా మగవాళ్లు రానివ్వరు. ఇది కూడా రాయాల్సిందే. జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు ఉంది, 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు, దాదాపు 390 ఎకరాలు. టికెట్ పెట్టి, రెండు బస్సులు మారి బురఖాలో నడవడానికి పోవాలి. ఆమెకి మిగిలింది దర్గా ఆవరణ. తస్బీ తిప్పుకుంటూ గోడ వెంట పది చుట్లు తిరిగేది. జియారత్ అని ఇంట్లో చెప్పేది, వాకింగ్ అని డాక్టరుకి చెప్పేది. మా బస్తీ ఆడవాళ్లకి తెలిసిన పార్కు చరిత్ర ఇంతే. నేను పాతకాలాన్ని పొగడడం లేదు. బషీర్‌బాగ్, జాంబాగ్ అని ఈ ఊళ్లో బాగ్‌ల పేర్లు ఎన్నో ఉన్నాయి. అందులో చాలా వాటికి గోడలుండేవి, గోడల వెనక నవాబులుండేవాళ్లు. ఆ గోడా ఈ గోడా మాకు ఒకటే. కానీ నాంపల్లిలో 1846 నాటి తోటకి బాగె ఆమ్ అని పేరు పెట్టారు. ఆమ్ అంటే అందరిదీ. ఆ పేరు పెట్టాలని రాజరికానికైనా తోచింది. ఇప్పటి ప్రకటనల్లో ‘ఎక్స్‌క్లూజివ్’ అని వేస్తారు. అంటే కొందరిదే అని గర్వంగా చెప్పుకోవడం.

2025 ఏప్రిల్ మొదటి వారం గుర్తు చేసుకోండి. మార్చి చివర్న కంచె గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి జేసీబీలు వచ్చాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డం పడ్డారు, దెబ్బలు తిన్నారు. రాత్రిపూట నెమళ్ల అరుపులు ఫోన్లలో దేశమంతా విన్నది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు నరకడం ఆపమంది. సరిగ్గా అదే రోజు, అర్ధరాత్రి దాటాక, లోక్‌సభ వక్ఫ్ సవరణ బిల్లును ఆమోదించింది. మర్నాడు తెల్లవారుజామున రాజ్యసభ. ఒకే ఊళ్లో, ఒకే రెండు రోజుల్లో రెండు గుంపులు రోడ్డు మీదికి వచ్చాయి. ఒకరి చేతిలో చెట్టు బొమ్మ, ఇంకొకరి చేతికి నల్ల పట్టీ. ఇవి ఒకరినొకరు చూసుకోలేదు.

చూసుకుని ఉండాల్సింది. ఎందుకంటే రెండు చోట్లా సర్కారు చెప్పిన సాకు ఒకటే. కంచె గచ్చిబౌలి గురించి ఏమన్నారు? రికార్డుల్లో అది అడవి కాదు అన్నారు. చెట్లుంటే ఉండనీ, జింకలుంటే ఉండనీ, కాగితంలో అడవి అని లేదు. వక్ఫ్ చట్టంలో ఏం తీసేశారు? వాడుక ద్వారా వక్ఫ్ అనే దాన్ని తీసేశారు. తరతరాలుగా నమాజు చదువుతుంటే చదవనీ, ముర్దాల్ని పెడుతుంటే పెట్టనీ, ఇక ముందు వాడుక ఒక్కటే చాలదు, కాగితం కావాలి. ముందే రిజిస్టరయినవి ఉంటాయి, అందులో కూడా తగాదాలో ఉన్నవీ సర్కారు జాగా అన్నవీ మినహా. చెట్టు వాడుక, పిట్ట వాడుక, మనిషి వాడుక, దేనికీ లెక్క లేదు. కాగితం ఉన్నవాడిదే నేల. కంచె గచ్చిబౌలి సర్వే నంబర్ 25 రెవెన్యూ రికార్డులో ఎలా రాసి ఉందో చూడండి, ‘కంచె అస్తబల్ పోరంబోకు సర్కారీ’ అని. కంచె తెలుగు, పశువులు మేసే బీడు. అస్తబల్ మా మాట, గుర్రపుసాల. పేరులో రెండు భాషలూ పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. దాని కోసం కొట్లాడినవాళ్లు మాత్రం పక్కపక్కన నిలబడలేకపోయారు.

సెక్యులర్ మిత్రుల్ని ఇక్కడ ఒక మాట అడగాలి. కంచె గచ్చిబౌలి కోసం మీరు రాసిన కవితలు చదివాను. కొన్ని మంచివి. మరి మణికొండ గుట్టల్ని పేల్చినప్పుడు ఎక్కడున్నారు? ఆ గుట్టల మీదా చెట్లుండేవి. అక్కడా నెమళ్లు అరిచేవి. అది ‘వక్ఫ్ తగాదా’ అని పక్కన పెట్టారు. తురకోళ్ల భూమి గొడవ, మనకెందుకన్నారు. ఒక చెట్టు దర్గా పక్కన పెరిగితే దానికి మతం అంటుకుంటుందా? మీ పర్యావరణంలో వేపచెట్టుకి చోటుంది, ఆ చెట్టుకింద చాదర్ పరుచుకుని కూచున్నవాడికి లేదు. 2024 చివర్న మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీఎక్స్ అని రాసిపోయారు. నది సుందరీకరణ అన్నారు. ఒడ్డున పచ్చదనం వస్తుందన్నారు. ఇళ్లు కూలాయి. అప్పుడు పచ్చదనం పేరు చెప్పగానే కొందరు పెద్దలు తలూపారు. నది బాగుపడాలి, కాదనను. అదే నగరంలో పడమట మేడ కోసం గుట్ట పోతుంది, తూర్పున తోట కోసం బస్తీ పోతుంది. రెండు చోట్లా పోయేవాడు ఒకడే ఎందుకవుతున్నాడని అడగడం మీ బాధ్యత కాదా?

మా వాళ్లనీ వదలను. ముస్లింవాద కవిత్వం మొదలైన కాలంలో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991), ఆ తర్వాత ‘జల్‌జలా’ (1998) తెలుగు సాహిత్యం ముందు కొత్త ప్రశ్నలు పెట్టాయి. ఈ దేశం ఎవరిది అని అడగడం మాకు వాటితోనే వచ్చింది. నా తరం వాళ్లం ఆ ప్రశ్ననే పట్టుకుని తిరిగాం. దేశం గురించి అడిగాం గానీ గల్లీ చివర ఉన్న ఖాళీ జాగా గురించి అడగలేదు. చార్మినార్ గురించి, గాజుల గురించి, ఇరానీ చాయ్ గురించి రాసి రాసి మమ్మల్ని మేమే ఒక పోస్ట్‌కార్డు చేసుకున్నాం. పడమటి హైదరాబాద్‌లో మా జీవితం ఉంది. సెక్యూరిటీ గార్డుగా, లిఫ్టు మెకానిక్‌గా, అద్దాలు తుడిచేవాడిగా తాడు కట్టుకుని ముప్పయ్యో అంతస్తు నుంచి వేలాడుతూ ఉంది. ఆ తాడు మీద ఉన్నవాడికి ఒకవైపు అద్దంలో తన ముఖం, ఇంకోవైపు కింద తన బస్తీ, తన అబ్బా గోరీ. ఇంతకన్నా పెద్ద కవితా వస్తువు ఏం కావాలి? కంచె గచ్చిబౌలి పిల్లల దగ్గరికి మా తంజీములు ఎన్ని పోయాయి? అక్కడ దర్గా లేదు గనక పోలేదు. దర్గా ఉంటేనే చెట్టు మాదా?

రంగు గురించి కూడా ఒక మాట. పచ్చ రంగు మా ఇళ్లలో తలుపులకి వేస్తాం, దర్గా మీద చాదర్‌గా కప్పుతాం, ఉర్స్‌కి జెండాగా ఎగరేస్తాం. ఆ జెండా చూసి ఎన్నిసార్లు పాకిస్తాన్ అన్నారో లెక్కలేదు. చిన్నప్పుడు స్కూల్లో నా పచ్చ కమీజ్ చూసి కూడా అన్నారు. అదే రంగు గేటు లోపల నాలుగెకరాలు పరిచి, చదరపు అడుగుకి ఇంతని అమ్మితే ప్రీమియం. మా పచ్చ అనుమానం, వాళ్ల పచ్చ ఆస్తి.

మా బస్తీ కుర్రాళ్లు నలుగురు ఆ ప్రకటనలోని మేడలోనే పనిచేస్తున్నారు. ఒకడి డ్యూటీ లాన్‌కి నీళ్లు పెట్టడం. బోరు నీళ్లు చాలక ట్యాంకర్లు తెప్పిస్తారట. మొన్న నియాజ్‌లో నా పక్కనే కూచున్నాడు. ‘చాచా గోరీ మీద గడ్డి ఎండిపోయింది భయ్యా, ఆడ్నించి పైపు ఏస్తే ఇక్కడిదాంక వస్తది, రాత్రి ఎవ్వడు చూస్తడు’ అని నవ్వాడు. వద్దన్నాను. ఉద్యోగం పోతుందని అన్నాను గానీ, అసలు కారణం అది కాదు. నీళ్లు దొంగతనంగా వద్దు.

పోయిన నెల బస్తీ తరఫున ఒక అర్జీ రాశాం. ఖబ్రస్తాన్‌కీ మేడ గోడకీ మధ్య పావెకరం ఖాళీ జాగా ఉంది, నాలా పక్కన. దాన్ని పార్కు చేయమని, ఆడవాళ్లు నడవడానికి బాట వేయమని, బస్తీ వైపు గేటు పెట్టమని. ఉర్దూలో వద్దు, తెలుగులో రాద్దామని కుర్రాళ్లే అన్నారు. అర్జీ కింద మా అమ్మీ వేలిముద్ర మొదటిది. పక్క గల్లీ మాల బస్తీ ఆడవాళ్లూ సంతకాలు పెట్టారు, మాకన్నా వాళ్లవే ఎక్కువ. కాగితం తీసుకున్న గుమస్తా పైనుంచి కిందికి చూసి సర్వే నంబర్ అడిగాడు. మా దగ్గర లేదు. ‘మీరు ఎప్పట్నించి వాడుతున్నరు ఆ జాగ?’ అన్నాడు. అమ్మీ ఏదో చెప్పబోయింది. ‘నోటిమాట కాదమ్మా, కాగితం’ అన్నాడు. ఇప్పుడు కుర్రాళ్లు పాత పహాణీల కోసం తిరుగుతున్నారు.